డీఎన్ఏ, భాష, కులం: తలుపు ఎప్పుడు మూసుకుంది?

2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి చరిత్ర పాఠ్యపుస్తకంలో హరప్పా నాగరికత అధ్యాయాన్ని సవరించింది. హరియాణాలోని రాఖీగఢీలో దొరికిన అస్థిపంజరం డీఎన్ఏను ఆధారంగా చూపిస్తూ కొన్ని పేరాలు చేర్చింది. హరప్పా ప్రజల వారసత్వం నేటిదాకా తెగకుండా వస్తోందనీ, ఆర్యులు పెద్ద సంఖ్యలో వలస వచ్చారన్న వాదన నిలవదనీ పిల్లలకు చెప్పడం వాటి సారాంశం. పోటీ పరీక్షలకు చదివే మన విద్యార్థులు రేపు ఇదే జవాబు రాయాలి. కాబట్టి ఆ అస్థిపంజరం నిజంగా ఏం చెప్పిందో చూడటం అవసరం.

రాఖీగఢీ శ్మశానంలో 60కి పైగా ఎముకల నమూనాలు తీసుకుంటే పనికొచ్చే డీఎన్ఏ దొరికింది ఒక్కదాంట్లోనే. అది సుమారు 4,500 ఏళ్ళ కిందటి ఒక స్త్రీది. 2019 సెప్టెంబరులో ‘సెల్’ పత్రికలో ఆ ఫలితం వచ్చింది. ఇరాన్ ప్రాంతపు ప్రాచీనులతో చాలా పాత చుట్టరికం ఉన్న వారసత్వం, దక్షిణాసియా ఆదిమ వేటగాళ్ళ వారసత్వం ఆమెలో కనిపించాయి. నల్ల సముద్రం నుంచి మధ్య ఆసియా దాకా పరుచుకున్న స్టెప్పీ గడ్డి మైదానాల పశుపాలకుల వారసత్వం కనిపించలేదు. ‘ఆర్యులు రాలేదు’ అనే ప్రచారం మొత్తం ఈ చివరి వాక్యం మీదే నిలబెట్టారు.

సరిగ్గా అదే వారంలో ‘సైన్స్’ పత్రికలో ఇంకో పెద్ద పరిశోధన వచ్చింది. 523 మంది ప్రాచీన మానవుల డీఎన్ఏ దానికి ఆధారం. స్టెప్పీ వారసత్వం దక్షిణాసియాలోకి సుమారు క్రీ.పూ. 2000 – 1500 మధ్య చేరిందని అది తేల్చింది. అంటే రాఖీగఢీ స్త్రీ బతికిన కాలం తర్వాత. ఆమెలో ఆ వారసత్వం లేకపోవడం వలసను కొట్టిపారేయదు సరికదా, దానికి చక్కగా సరిపోతుంది. పది గంటలకు చుట్టాలు వచ్చారా లేదా అని అడిగితే ఎనిమిది గంటలకు తీసిన ఫొటో చూపించి ‘చూడండి, ఎవరూ రాలేదు’ అన్నట్టుంది ఈ తర్కం. విచిత్రం ఏమిటంటే రెండు పత్రాల రచయితల్లో కొన్ని పేర్లు ఉమ్మడివే. పత్రంలో ఒకటి రాసి, పత్రికా సమావేశంలో ఇంకొకటి చెప్పడం మన దేశంలో కొత్తేమీ కాదనుకోండి.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే మన పాఠకులు చాలామంది సంతోషిస్తారు. వాళ్ళు బయటి నుంచి వచ్చారు, మనం ఇక్కడి వాళ్ళం అనే మాట మన ఉద్యమంలో పాతది. 1873లో ‘గులాంగిరీ’లో జోతిరావు ఫూలే బ్రాహ్మణ ఆధిపత్యాన్ని బయటి ఆక్రమణగా చదివాడు. తెలుగు నేల మీద 1917లో బెజవాడలో జరిగిన మహాసభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్ళు ‘పంచములు’ అనే పేరును తోసిపుచ్చి ‘ఆది ఆంధ్రులు’ అనిపించుకున్నారు. ఊరి బయటికి నెట్టినవాడు, ఈ నేలకు మొదటి హక్కుదారుని నేనే అని తిరిగి నిలబడటం అది. దాన్ని తేలిక చేయడం మా ఉద్దేశం కాదు. పేరు మార్చుకోవడంలో ఎంత ఆత్మగౌరవం ఉందో మన తాతల తరానికి తెలుసు.

అయితే ఆ రాజకీయ ప్రకటనను జన్యుశాస్త్రం నిరూపించిందని ఇవాళ వాట్సాప్‌లో తిరుగుతున్న మాటల దగ్గర ఆగాలి. ఎందుకంటే అది నిరూపించలేదు.

2009లో ‘నేచర్’ పత్రికలో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని హార్వర్డ్‌లో పనిచేసే డేవిడ్ రైక్ తదితరులు కలిసి ఒక పత్రం వేశారు. 25 సముదాయాలు, 132 మంది. అందులో తెలుగు నేల నుంచి చాలా సముదాయాలు ఉన్నాయి: మాల, మాదిగ, చెంచు, కంసాలి, వైశ్య, వెలమ, నాయుడు. భారతీయులు దాదాపు అందరూ రెండు ప్రాచీన జనసమూహాల కలయిక అని ఆ పత్రం చెప్పింది. వాటికి ‘ప్రాచీన ఉత్తర భారతీయులు’, ‘ప్రాచీన దక్షిణ భారతీయులు’ అని పేర్లు పెట్టారు. మొదటి దానికి పశ్చిమ యూరేసియాతో చుట్టరికం ఉన్నా పేరులో ఆ మాట రాలేదు. ఆ పేరు మీద రెండు పక్షాల మధ్య ఎంత తర్జనభర్జన జరిగిందో రైక్ తన 2018 పుస్తకంలో దాపరికం లేకుండా రాశాడు. బయటి నుంచి వచ్చారని పేరులోనే ధ్వనిస్తే ఇక్కడ రాజకీయ పేలుడు తప్పదని భారతీయ శాస్త్రవేత్తలు ఆందోళన పడ్డారు. ప్రయోగశాలలో పేర్లు కూడా బయటి గాలిని బట్టే పుడతాయి.

ఇక ఆ పత్రంలోని పట్టిక దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా చదవాలి. ఉత్తర పూర్వీకుల వాటా మాలల్లో సుమారు 39 శాతం, మాదిగల్లో 41, చెంచుల్లో కూడా 41 దగ్గరే. వైశ్యుల్లో 46, నాయుళ్ళలో 50, వెలమల్లో 55 దగ్గర. కశ్మీరీ పండితుల్లో 71. మెట్లు మెట్లుగా కనిపిస్తోంది కదా, కులం మెట్లలాగే! ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. కానీ అదే పట్టికలో రాజస్థాన్ మేఘవాళ్ళు ఉన్నారు. వాళ్ళు దళితులు. వాళ్ళలో ఆ వాటా 60 శాతం. అంటే తెలుగు వెలమల కంటే ఎక్కువ. ఉత్తర వారసత్వమే ఆధిపత్యానికి మూలమైతే రాజస్థాన్‌లో మేఘవాళ్ళు దొరలై ఉండాలి, తెలంగాణలో వెలమలు వాళ్ళకు దండం పెట్టాలి.

‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ సరిగ్గా ఈ సంగతే అన్నాడు. పంజాబ్ బ్రాహ్మణుడికీ పంజాబ్ చమార్‌కీ మధ్య జాతి తేడా ఏముంది, మద్రాసు బ్రాహ్మణుడికీ మద్రాసు పరయాకీ మధ్య ఏముంది అని అడిగాడు. 1948లో అంటరానివారి గురించి రాసిన పుస్తకంలో ఆనాటి ముక్కు కొలతల లెక్కలనే తీసుకుని, జాతి సిద్ధాంతం చెప్పేవాళ్ళ మీదికే తిప్పికొట్టాడు. ఆ కొలతలు ఇవాళ చెత్తబుట్టలో ఉన్నాయి. అంబేద్కర్ వాదన మాత్రం డీఎన్ఏ కాలంలో కూడా చాలావరకు నిలబడుతోంది. చాలావరకు అనడానికి కారణం ఉంది. ఒకే ప్రాంతంలో చూస్తే కులాల మధ్య సగటు తేడాలు ఉన్నాయి, మాలకూ వెలమకూ మధ్య ఆ 16 శాతంలాగా. 2019 పత్రం ప్రకారం ఉత్తరాదిలో పౌరోహిత్యం సంప్రదాయంగా ఉన్న కొన్ని సముదాయాల్లో స్టెప్పీ వారసత్వం మిగతా వాళ్ళకంటే ఎక్కువగా ఉంది. ఇది దాచాల్సిన సంగతి కాదు. అయితే ఆ వారసత్వం ఎవరి సొత్తూ కాదు, అందరిలో ఎంతోకొంత కలిసిపోయింది. మాలల్లో ఆ 39 శాతం ‘బయటి’ వాటాను ఎక్కడ పెడతాం? పైగా ఆ ‘ఉత్తర’, ‘దక్షిణ’ పూర్వీకులు ఇద్దరూ మళ్ళీ తమంత తాము కలగలుపు జనాలేనని 2019 పత్రం చూపించింది. స్వచ్ఛమైన మూలవాసి కోసం ఎంత లోతుకు తవ్వినా ఇంకో కలయికే దొరుకుతుంది.

ఇక్కడ ఒక మిత్రుడు అడిగే ప్రశ్న తెలుసు: మరి ద్రావిడులం కామా? భాషా, రక్తం ఒకటేననుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. ద్రావిడం అనేది మొదట భాషా కుటుంబం పేరు. 1816లో మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ ఎల్లిస్, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఒక వ్యాసం రాశాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళం, కన్నడాలతో కలిసి వేరే కుటుంబమనీ ఆధారాలతో చూపించాడు. అప్పటిదాకా పండితులు చెప్పిందానికి ఇది పెద్ద దెబ్బ. 1856లో కాల్డ్‌వెల్ ఆ కుటుంబానికి ‘ద్రావిడ’ పేరు స్థిరపరిచాడు. ఆ తర్వాత జరిగిందే ప్రమాదం. భాషకు పెట్టిన పేరు జాతికి అంటుకుంది.

భాషలు రక్తంతో పాటే నడవవు. పాకిస్తాన్ బలూచిస్తాన్‌లో బ్రాహుయీ మాట్లాడేవాళ్ళున్నారు. అది ద్రావిడ భాష. వాళ్ళ జన్యువులు మాత్రం చుట్టూ ఉన్న బలోచీలవి ఎలా ఉంటాయో దాదాపు అలాగే ఉంటాయి. ఇటు ఆదిలాబాద్ నుంచి మధ్యప్రదేశ్ దాకా ఉన్న గోండులు మాట్లాడేది ద్రావిడ భాషే. 2017లో వచ్చిన పరిశోధనలో వాళ్ళ వారసత్వం ద్రావిడ భాషలు మాట్లాడే ఇతరులకంటే ముండా భాషలు మాట్లాడే ఆదివాసులకు దగ్గరగా ఉందని తేలింది. ఆ ముండా భాషల చుట్టాలు వియత్నాం, కంబోడియా వైపు ఉన్నాయి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి కొండల్లో నేర్చుకుని నిఘంటువు కూర్చిన సవర భాష ఆ కుటుంబంలోదే. ముండా మాట్లాడేవాళ్ళలో తండ్రి వైపు నుంచి వచ్చే వై క్రోమోజోమ్‌లో తూర్పు ఆసియా గుర్తు గట్టిగా ఉంటుంది, తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియాలో భారతీయ గుర్తే ఉంటుంది. అంటే ఎక్కువగా మగవాళ్ళు వచ్చారు, ఇక్కడి ఆడవాళ్ళతో కలిశారు, భాష మాత్రం వచ్చినవాళ్ళది నిలిచింది. స్టెప్పీ వారసత్వం కూడా మగవాళ్ళ ద్వారానే ఎక్కువగా వ్యాపించింది. ఆ కలయికలు ఏ పరిస్థితుల్లో జరిగాయో, ఆ ఆడవాళ్ళ ఇష్టం ఎంతో డీఎన్ఏ చెప్పదు. మనం ఊహించకుండా ఉండలేం.

తెలుగు సంగతే తీసుకోండి. భద్రిరాజు కృష్ణమూర్తి వేసిన ద్రావిడ భాషల వంశవృక్షంలో తెలుగుకు దగ్గరి తోబుట్టువులు తమిళం, కన్నడం కావు. గోండి, కొండ, కువి, కుయి. అన్నీ ఆదివాసుల భాషలే. తెలుగు గొప్పతనం గురించి సభలు పెట్టేవాళ్ళు ఈ చుట్టరికాన్ని ఎందుకో వేదిక మీద చెప్పరు.

కాబట్టి ‘ఎవరు ముందొచ్చారు’ అనే ప్రశ్నను ఎంత తిప్పినా అటు వాళ్ళకూ, ఇటు మనకూ కావలసిన శుద్ధ సమాధానం రాదు. అసలు వెలికివచ్చిన సంగతి వేరే ఉంది. పాఠ్యపుస్తకం దాని ఊసెత్తలేదు.

2013లో సీసీఎంబీ, హార్వర్డ్ బృందమే ప్రియా మూర్జానీ మొదటి రచయితగా ఇంకో పత్రం వేసింది. ఈసారి 73 సముదాయాలు. రెండు జనసమూహాలు కలిస్తే డీఎన్ఏ పోగుల్లో వాటి ముక్కలు పక్కపక్కన చేరతాయి. తరాలు గడిచేకొద్దీ ఆ ముక్కలు చిన్నవవుతాయి. ముక్కల పొడవు కొలిస్తే కలయిక ఎప్పుడు జరిగిందో లెక్క కట్టొచ్చు. ఆ లెక్కలో 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఈ దేశంలో కలయిక విస్తారంగా జరిగిందని తేలింది. విడిగా ఉన్నారనుకునే భిల్లులు, చమార్లు కూడా అందులో ఉన్నారు. ఆ తర్వాత కలయిక ఆగిపోయింది. 2016లో పార్థ మజుందార్ బృందం వేరే పద్ధతిలో లెక్కించి, పై కులాల్లో స్వకుల వివాహం సుమారు 70 తరాల కిందట, గుప్తుల కాలం దగ్గర గట్టిపడిందని చెప్పింది. రెండు తేదీలూ అచ్చంగా ఒకటి కావు. కానీ చెప్పే కథ ఒకటే: ఒకప్పుడు తలుపు తెరిచే ఉంది, తర్వాత ఎవరో మూశారు.

అంబేద్కర్ ఈ మాట 1916 మే 9న చెప్పాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో, ఆయనకప్పుడు 25 ఏళ్ళు. కులానికి సారం స్వకుల వివాహమే, మిగతావన్నీ దాన్ని కాపాడటానికి వచ్చినవే అన్నాడు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం అన్నీ కులం లోపల మిగిలిపోయే ఆడమనిషిని గోడ దాటనీయకుండా చేసిన ఏర్పాట్లని విడమరిచాడు. మొదట తలుపు మూసింది పురోహిత వర్గమనీ, మిగతావాళ్ళు వాళ్ళను అనుకరించారనీ, కొందరికి తలుపు మూసుకుపోయిందనీ వివరించాడు. డీఎన్ఏ నిర్మాణం తెలియడానికి 37 ఏళ్ళ ముందు, ఒక్క రక్తం చుక్క కూడా తీయకుండా! మజుందార్ బృందానికి పై కులాల్లో ఆ గట్టిపడటం కనిపించడం చూసినప్పుడు ఆ వ్యాసం గుర్తుకు రాకుండా ఉండదు. మన విశ్వవిద్యాలయాల్లో జనాభా జన్యుశాస్త్రం చెప్పేచోట ఈ వ్యాసం చదివించే రోజు ఇంకా రాలేదు.

ఆ తలుపు ఎంత గట్టిగా బిగించారో తెలుగు వైశ్యుల ఉదాహరణ చూపిస్తుంది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సముదాయం అది. 2009 పత్రం ఆ ఘట్టాన్ని వందకు పైగా తరాల వెనక్కి తీసుకెళ్ళింది. ఇన్ని తరాల్లో తరానికి నూటికి ఒక్కరు చొప్పున బయటివారు కలిసినా ఆ గుర్తు చెరిగిపోయేదని రైక్ రాశాడు. చెరిగిపోలేదు. పక్కింట్లో, పక్క వీధిలో, అదే భాష మాట్లాడుతూ, అదే బజారులో కొనుగోళ్ళు చేస్తూ, రెండు మూడు వేల ఏళ్ళు వియ్యమందకుండా ఉండటం మామూలు విషయం కాదు. అది అలవాటుతో సాగేది కాదు, ఎవరో కాపలా కాయాలి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి నుంచి గర్భవతి అయిన భార్యతో బయటికొస్తున్న దళిత యువకుణ్ని నరికిన కత్తి ఆ కాపలాలో భాగమే. ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. దేశంలో కులాంతర వివాహాలు ఇప్పటికీ నూటికి ఐదారు దగ్గరే ఆగి ఉన్నాయి. జన్యు పత్రాల్లో ‘కలయిక ఆగిపోయింది’ అని కర్త లేని వాక్యం రాస్తారు. ఆపినవాళ్ళు ఉన్నారు.

జాతి, కులం అనే ఈ తేడా చదువుకున్నవాళ్ళ చర్చే అనుకునేవాళ్ళకు 2001 గుర్తుచేయాలి. ఆ ఏడాది జూన్‌లో విశాఖ ప్రాంతపు తెలుగు కులాల మీద బామ్‌షాద్ తదితరుల పరిశోధన వచ్చింది. తండ్రి వైపు గుర్తులు చూస్తే పై కులాలు యూరోపియన్లకు దగ్గరని అందులో ఉంది. పత్రికలు దాన్ని ‘పై కులాలు యూరోపియన్లే’ అన్నంత దాకా తీసుకెళ్ళాయి. కొన్ని వారాలకే దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా ప్రపంచ సదస్సు. అక్కడ కులం చర్చకు రాకూడదని భారత ప్రభుత్వం పట్టుబట్టింది. కులం జాతి కాదు కాబట్టి అని కారణం. మనవాళ్ళు కొందరు ఆ పరిశోధననే ఆయుధంగా చూశారు, కులం కూడా జాతేనని రుజువు దొరికిందని. ఆ దారి అవసరం లేదని మరుసటి ఏడాదే తేలింది. 2002లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుక ఆధారంగా జరిగే వివక్షలో కులం కూడా ఉంటుందని స్పష్టం చేసింది. డీఎన్ఏ తేడా చూపించమని ఎవరినీ అడగలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించినప్పుడు కూడా ఎవరి రక్తమూ పరీక్షించలేదు. తెలుగువాళ్ళు అంతమంది ఉన్న ఊరు అది. వివక్ష పుట్టేది తలుపు మూయడంలో, తలుపు అవతల ఎవరున్నారన్న దాంట్లో కాదు.

మనం పట్టించుకోవలసిన ఇంకో సంగతి, ఈ రక్తం ఎవరిది అన్నది. ప్రపంచమంతా ఉటంకించే ఈ పత్రాలు మాలల, మాదిగల, చెంచుల నమూనాల మీద నిలబడ్డాయి. ఆ పత్రాల్లో ఏముందో ఆ వాడలకు తెలుగులో చెప్పే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. అమెరికాలో హవసుపాయ్ ఆదివాసులు మధుమేహ పరిశోధన కోసమని రక్తం ఇస్తే, దాన్ని మానసిక వ్యాధుల మీద, వాళ్ళ వలస చరిత్ర మీద పరిశోధనలకు వాడారు. వాళ్ళు కోర్టుకెళ్ళారు. 2010లో అరిజోనా విశ్వవిద్యాలయ యంత్రాంగం ఏడు లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తం తిరిగిచ్చింది. దక్షిణాఫ్రికా సాన్ ప్రజలు 2017లో పరిశోధకుల కోసం సొంత నియమావళి ప్రకటించారు: గౌరవం, నిజాయతీ, న్యాయం, శ్రద్ధ ఉంటేనే రండి, మేం ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి అని. మన దేశంలో జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 83 సముదాయాల నుంచి సుమారు పది వేల మంది జన్యుపటాలు సిద్ధం చేసింది, 2025 జనవరిలో ఆ సమాచారం పరిశోధకులకు తెరిచారు. సాన్‌ల లాంటి నియమావళి మన సముదాయాల తరఫున ఒక్కటి కూడా లేదు. దళిత సంఘాలు, విద్యార్థి సంఘాలు ఆలోచించాల్సిన పని ఇది. దీనికి జన్యుశాస్త్రం పట్టా అక్కర్లేదు.

ఎందుకు ముఖ్యమంటే, మూసిన తలుపు లోపల జబ్బులు కూడా చిక్కుకుపోతాయి. 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన పరిశోధనలో దక్షిణాసియాలో 81 సముదాయాలు, అష్కెనాజీ యూదుల కంటే, ఫిన్లాండ్ వాసుల కంటే కూడా ఎక్కువగా, కొద్దిమంది పూర్వీకుల నుంచే వచ్చినవని తేలింది. అందులో 14 సముదాయాల జనాభా పది లక్షలకు పైమాటే. తెలుగు వైశ్యులు, ఆంధ్ర వడ్డెరలు వాటిలో ఉన్నారు. తమిళనాడు అరుంధతియార్లు కూడా ఉన్నారు. వాళ్ళు దళితుల్లోనే అట్టడుగున ఉన్నవాళ్ళు. తరాలుగా తమిళ నేల మీద పాకీ పనిలో, తోలు పనిలో బతుకుతూ, చాలామంది ఇళ్ళల్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకుంటారు. 2009లో అక్కడ వాళ్ళకు మూడు శాతం ఉప కోటా వచ్చింది. భాష ఒక ప్రయాణం చెబుతోంది, జన్యువులు ఒక మూసివేత చెబుతున్నాయి.

వైశ్యుల్లో కొందరికి శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు పడదు. దాన్ని విరిచే ఎంజైమ్ వాళ్ళ ఒంట్లో ఉండదు, మందు ప్రభావం ఎంతకీ దిగదు, ఊపిరి అందక ప్రమాదం వస్తుంది. ఈ సంగతి చాలామంది మత్తు డాక్టర్లకు తెలుసు. వైశ్యులని తెలిస్తే ముందే జాగ్రత్తపడతారు. ఆ సముదాయానికి డాక్టర్లున్నారు, ఆసుపత్రులున్నాయి, సంఘం ఉంది కాబట్టి ఆ సంగతి వైద్యం దాకా చేరింది. అరుంధతియార్లలో, వడ్డెరల్లో అలాంటి జబ్బు గుర్తు ఏదైనా ఉంటే, ఆపరేషన్ బల్ల మీద ఒక మనిషి ఎందుకు కళ్ళు తెరవలేదో ఎవరు వెతుకుతారు? 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్ ఆదివాసీ ప్రాంతాల్లో ఏడు కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. అది ఒక్క జబ్బుకే, ఆదివాసీ ప్రాంతాలకే. 2027 జనగణనలో కులాలను లెక్కపెట్టబోతున్నారు. ఏ సముదాయం ఎంత మంది, ఎక్కడ ఉన్నారన్న లెక్క చేతికొచ్చాక, 2017 పత్రంలోని ఆ జాబితాను పక్కన పెట్టుకుని, నవజాత శిశువుల పరీక్షలు ఎక్కడ మొదలుపెట్టాలో ఆరోగ్య శాఖను అడగవచ్చు. మొదటి పేరు అరుంధతియార్లదీ, రెండోది వడ్డెరలదీ కావాలని మా డిమాండు.